పీ0401 కోడ్ వచ్చింది, ఐడిల్‌లో ఇంజిన్ వణుకుతోంది: ఈజీఆర్ వాల్వ్ ఎక్కడుంటుంది, ఇంట్లోనే శుభ్రం చేసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: డీజిల్ కారు, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, స్కానర్ పెడితే పీ0401 చూపించింది. ఐడిల్‌లో వణుకు, పికప్ తగ్గింది. ఈజీఆర్ వాల్వ్‌ను, అంటే కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి వదిలే కవాటాన్ని, ఎలా కనిపెట్టాలి, విప్పి సొంతంగా కడుక్కోవచ్చా అని అడిగారు.

కడుక్కోవచ్చు. మామూలు పనిముట్లు, ఒక పూట సమయం, తొందరపడని చెయ్యి ఉంటే చాలు. అయితే పీ0401 అంటే వాల్వ్ పాడైందని అర్థం కాదు. ఇంజిన్‌లోకి తిరిగి రావలసినంత పొగ రావడం లేదని మాత్రమే అది చెబుతుంది. ఆ పొగ నడిచే దారిలో వాల్వ్ ఒక మజిలీ, అంతే. వాల్వ్‌ను తళతళలాడేలా తోమి, మిగతా దారిని ముట్టుకోకుండా బిగించేసిన బండ్లే అదే లైటుతో మళ్లీ వెనక్కి వస్తాయి. అందుకే విప్పడం కంటే ముందు చేసే పరీక్ష గురించి, వాల్వ్ తీశాక కనిపించే దారి గురించి ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఆ వాల్వ్ ఏం చేస్తుందో తెలిస్తే లక్షణాలు వాటంతటవే అర్థమవుతాయి. సిలిండర్‌లో మంట వేడి దాదాపు 1370 డిగ్రీల సెల్సియస్ దాటితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు జోరుగా తయారవుతాయి. ఒకసారి కాలిపోయిన పొగను కొంత మళ్లీ లోపలికి పంపితే ఆక్సిజన్ పాలు తగ్గి, మంట వేడి దిగుతుంది. ఎంత పంపాలో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) చూసుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినప్పుడు వాల్వ్ మూసుకుంటుంది. ఐడిల్‌లో పెట్రోల్ బండికి మూసే ఉంటుంది, డీజిల్‌కు చాలాసార్లు తెరిచి ఉంటుంది.

కాబట్టి వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోతే పెట్రోల్ బండి ఐడిల్‌లో వణుకుతుంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. డీజిల్ అయితే నల్లపొగ కక్కుతుంది, లాగదు. మూసుకుని ఇరుక్కుపోతే డీజిల్‌లో డ్రైవరుకు పెద్ద తేడా తెలియకపోవచ్చు, లైటు మాత్రం వెలుగుతుంది. పెట్రోల్‌లో అయితే లోడు మీద టకటకమని నాకింగ్ మొదలవుతుంది. మీ బండిలో పీ0401తో పాటు వణుకు కూడా ఉందంటే వాల్వ్ మధ్యలో ఎక్కడో పట్టేసి, ఒక్కోసారి ఒక్కోలా ప్రవర్తిస్తూ ఉండవచ్చు. లేదా వణుక్కి కారణం వేరే కావచ్చు, ఇంజెక్టర్లలాంటిది. ఇది తేల్చకుండా పానా పట్టుకోవద్దు.

వేరే కోడ్‌లు కూడా ఉన్నాయేమో చూడండి. పీ0402 అంటే పొగ ఎక్కువ వస్తోందని, పీ0404 అంటే వాల్వ్ చెప్పిన చోటికి కదలడం లేదని. ఈ రెండింటికీ మసి కారణం కావచ్చు. పీ0403 కరెంటు సర్క్యూట్ లోపం. పీ0405, పీ0406 పొజిషన్ సెన్సర్ సిగ్నల్ తక్కువ, ఎక్కువ. ఈ మూడిట్లో ఏది వచ్చినా ముందు కనెక్టర్ పిన్నులు, వైర్లు చూడాలి. వైరు తెగితే వాల్వ్ ఎంత కడిగినా ఫలితం ఉండదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, స్కానర్ లైవ్ డేటాలో మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకోండి: ఈజీఆర్ కమాండ్ (ఎంత తెరవమని ఈసీయూ చెప్పింది), ఈజీఆర్ అసలు పొజిషన్ (నిజంగా ఎంత తెరుచుకుంది), ఎంఏఎఫ్ (లోపలికి వచ్చే తాజా గాలిని కొలిచే సెన్సర్) గాలి కొలత. డీజిల్ బండ్లలో చాలావాటికి పొగ ప్రవాహాన్ని నేరుగా కొలిచే సాధనం ఉండదు. వాల్వ్ తెరిస్తే లోపలికి పొగ వస్తుంది, ఆ మేరకు తాజా గాలి తగ్గుతుంది, ఎంఏఎఫ్ అంకె పడుతుంది. ఆ పడిపోవడాన్ని చూసే ఈసీయూ లెక్క కడుతుంది. స్కానర్‌లో యాక్చుయేటర్ టెస్ట్ ఉంటే వాల్వ్‌ను మూయించి, తెరిపించి చూడండి. కమాండ్ మారినా పొజిషన్ కదలకపోతే వాల్వ్ పట్టేసింది, లేదా దాని మోటార్ పోయింది. పొజిషన్ చక్కగా కదులుతోంది, ఎంఏఎఫ్ మాత్రం ఉన్నచోటే ఉంది అంటే వాల్వ్ పనిచేస్తోంది, దారి మూసుకుపోయింది. రెండూ సరిగ్గానే కదులుతూ కోడ్ వస్తోందంటే ఎంఏఎఫ్ సెన్సర్ మురికిపట్టి తప్పుడు కొలత ఇస్తోందేమో, దాని తర్వాతి గాలి గొట్టం ఎక్కడైనా చీలిందేమో చూడాలి. ఎంఏఎఫ్‌ను దానికోసం అమ్మే స్ప్రేతోనే కడగండి. లోపలి సన్నటి తీగను గుడ్డతో, వేలితో తాకకూడదు.

పాత బండ్లలో వాక్యూమ్‌తో నడిచే వాల్వ్ ఉంటుంది. దానికి చేతి వాక్యూమ్ పంపు చాలు. సన్న గొట్టం పీకి పంపు తగిలించి 50 నుంచి 65 కిలోపాస్కల్ వరకు లాగండి. ముల్లు నిలబడాలి. జారిపోతే డయాఫ్రమ్ (లోపలి పలచటి పొర) చిరిగిందన్నమాట, కడగడం దండగ. పాత పెట్రోల్ వాల్వుల్లో సైలెన్సర్ వైపు ఒత్తిడి ఉంటేనే పనిచేసే రకం ఒకటుంది. అది ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు వాక్యూమ్‌ను పట్టి ఉంచదు. దాన్ని చూసి పాడైందని పారేయకండి. ఐడిల్‌లో వాక్యూమ్ ఇస్తే పెట్రోల్ ఇంజిన్ కుదిపి ఆగబోవాలి, డీజిల్‌లో శబ్దం మారాలి. అలా జరిగితే వాల్వ్, దారి రెండూ బాగున్నట్టే. లోపం వాక్యూమ్ గొట్టంలోనో, ఆ వాక్యూమ్‌ను కరెంటుతో తెరిచి మూసే సోలెనాయిడ్‌లోనో ఉంది.

వాల్వ్‌ను వెతకడానికి ఒకటే సూత్రం: పొగ బయల్దేరే చోటి నుంచి వెళ్లండి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగ బయటికి పోయే భాగం) నుంచి ఇంటేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పోయే భాగం) వైపు బొటనవేలికన్నా కొంచెం లావుగా ఒక ఇనుప గొట్టం పోతుంది. చాలావాటికి మధ్యలో ముడతలు ఉంటాయి. ఆ గొట్టం ఏదో ఒక చివర చేరేది వాల్వ్‌కే. వాక్యూమ్ రకం అయితే పైన గుండ్రటి రేకు డబ్బీ, దానికి సన్నటి రబ్బరు గొట్టం కనిపిస్తాయి. ఎలక్ట్రిక్ రకం అయితే నల్లటి ప్లాస్టిక్ మూత, నాలుగైదు వైర్ల కనెక్టర్. డీజిల్‌లో దాని పక్కనే పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్ ఉంటుంది, దానికి కూలెంట్ గొట్టాలు వస్తాయి. ఇంజిన్ వెనక ఫైర్‌వాల్ వైపు నక్కి ఉండటం మామూలే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, కొన్నిట్లో బ్యాటరీ ట్రే తీస్తే గానీ చెయ్యి పట్టదు.

పొరబడే చోట్లు రెండు. టర్బో మీద కూడా గుండ్రటి వాక్యూమ్ డబ్బీ ఉంటుంది, దాన్నుంచి ఒక కడ్డీ బయటికి వచ్చి టర్బో చేతిని లాగుతుంటుంది. అది ఈజీఆర్ కాదు. అలాగే లావుపాటి గాలి గొట్టం చివర కనెక్టర్‌తో కనిపించేది థ్రాటిల్ బాడీ. కొత్త డీజిల్ బండ్లలో రెండు ఈజీఆర్ వాల్వులు ఉండొచ్చు. ఒకటి టర్బోకు ముందే పొగ తీసుకునేది, ఇంకోటి డీపీఎఫ్ (పొగలోని మసిని వడకట్టే ఫిల్టర్) తర్వాత తీసుకునేది. మసితో ఎక్కువ బాధపడేది మొదటిదే, ఎందుకంటే దానికి వచ్చే పొగ వడకట్టనిది. ఇక కొన్ని పెట్రోల్ ఇంజిన్లలో బయట వాల్వ్ అనేదే ఉండదు, క్యామ్ టైమింగ్ మార్చి ఆ పని లోపలే చేయిస్తారు. కాబట్టి ముందు మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్ చూడండి.

పనికి ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. సాకెట్ సెట్‌లో 8, 10, 12, 13 నంబర్లు, టార్క్స్ బిట్లు, పొడవాటి ఎక్స్‌టెన్షన్, పట్టకారు, నైలాన్ బ్రష్‌లు, ప్లాస్టిక్ లేదా చెక్క గీకుడు పుల్ల, ఈజీఆర్ క్లీనర్ లేదా కార్బ్ క్లీనర్ ఒకటి రెండు డబ్బాలు, తుప్పు వదిలించే ఆయిల్, గుడ్డలు, టార్క్ రెంచ్, ముఖ్యంగా కొత్త గ్యాస్కెట్. నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. మీరు గీకబోయేది ఆ పొగ వదిలిన మసినే. పొడిగా దులిపి ముఖం మీదికి లేపుకోవద్దు. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా పని పెట్టుకోండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడవద్దు, దాని ఆవిరి వేడికి కాలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

విప్పడంలో నష్టం జరిగేది బోల్టుల దగ్గరే. సైలెన్సర్ వేడికి అవి ఏళ్ల తరబడి కాలి పట్టేసి ఉంటాయి. ముందురోజు రాత్రే ఆయిల్ కొట్టి వదిలేయండి. తిప్పేటప్పుడు ఒకేసారి బలం పెట్టకుండా, కొంచెం బిగించి, కొంచెం వదులు చేసి, మళ్లీ బిగించి అలా ముందుకీ వెనక్కీ ఆడించండి. కీచుమనే శబ్దం వస్తుంటే ఇంకా ఆయిల్ కొట్టి ఆగండి. తల తెగిన బోల్టును మానిఫోల్డ్‌లోంచి తీయడం ఇంట్లో అయ్యే పని కాదు. ముడతల గొట్టాన్ని వంచి పక్కకి నెట్టవద్దు. ముడతల దగ్గర చిట్లుతుంది, ఆ తర్వాత పొగ కారుతూనే ఉంటుంది. కనెక్టర్‌కు రంగు లాక్ ఉంటే ముందు దాన్ని జరిపి, తర్వాత నొక్కి లాగండి. వైర్లు పట్టుకుని లాగకండి. వాల్వ్‌కు కూలెంట్ గొట్టాలు వస్తుంటే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తెరిచి ఒత్తిడి వదిలాక, గొట్టాలను క్లాంపుతో నొక్కిపెట్టి పీకండి. కింద పళ్లెం పెట్టండి.

తీసే ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. పాత గ్యాస్కెట్ పారేయకుండా కొత్తదానితో పోల్చండి. కొన్ని బండ్లలో గ్యాస్కెట్ రంధ్రాన్ని కావాలనే చిన్నగా చేస్తారు, పొగ పరిమాణం దాంతోనే తూకం వేస్తారు. రంధ్రం పెద్దదైన గ్యాస్కెట్ వేస్తే శుభ్రం చేశాక పీ0402 రావచ్చు. వాల్వ్ బయటికి రాగానే ఇంటేక్ వైపు రంధ్రంలో పెద్ద గుడ్డ కుక్కి, దాని కొస బయటికి వేలాడేలా ఉంచండి.

కడగడానికి ముందు ఆ మసిని ఒక నిమిషం చూడండి. వేలితో రాస్తే పొడిపొడిగా రాలే నల్ల మసి అయితే అది మామూలు మసి. చిన్న చిన్న దూరాలే తిరిగి ఇంజిన్ వేడెక్కకపోయినా, ఇంజెక్టర్లు సరిగ్గా చల్లకపోయినా ఎక్కువ పేరుకుంటుంది. తారులా జిగటగా, నూనె తడితో ఉంటే క్రాంక్‌కేస్ బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇంటేక్‌కు పంపే గొట్టం) నుంచో టర్బో నుంచో ఆయిల్ ఆవిరి ఇంటేక్‌లోకి వస్తోంది. మసి దానికి అంటుకుని గట్టిపడుతోంది. అదే మూలం, దాన్ని వదిలేస్తే మీరు చేసిన పని ఎక్కువ కాలం నిలవదు. మసిలో తెల్లటి పొరలు, నీటి తడి కనిపిస్తే ఈజీఆర్ కూలర్ లోపల కూలెంట్ కారుతోంది. రిజర్వాయర్ మట్టం తగ్గడం, తియ్యటి వాసనతో తెల్లపొగ రావడం దాని తోడు లక్షణాలు. అప్పుడు కడగడం ఆపి కూలర్ మార్చాలి.

వాల్వ్‌ను మోటార్ భాగం పైకి, నోరు కిందికి ఉండేలా పట్టుకోండి. ఇది చాలా ముఖ్యం. తలకిందులుగా పెట్టి స్ప్రే కొడితే ద్రవం కడ్డీ వెంట జారి మోటార్‌లోకి, పొజిషన్ సెన్సర్‌లోకి దిగుతుంది, ఆ వాల్వ్ ఇక పనికిరాదు. కింద నుంచి స్ప్రే కొట్టి పది, పదిహేను నిమిషాలు నాననివ్వండి. బ్రష్‌తో తోమి, మెత్తబడిన పొరను పుల్లతో గీకి, మళ్లీ కొట్టండి. మూడు నాలుగు విడతలు పడుతుంది. నిగనిగలాడే గట్టి పొర ఒక్కసారికి రాదు. దాన్ని బలంగా గీకి తీయాలని చూడకుండా, లోహపు భాగం మాత్రమే మునిగేలా గిన్నెలో క్లీనర్ పోసి కొన్ని గంటలు ఉంచండి. వాల్వ్ కూర్చునే అంచును ఇనుప బ్రష్‌తోనో ఉప్పుకాగితంతోనో రుద్దవద్దు. అక్కడ గీత పడితే మూసినా పొగ కారుతుంది. కాస్టిక్ ఉన్న ఓవెన్ క్లీనర్ అల్యూమినియంను తినేస్తుంది, దాని జోలికి పోవద్దు.

వాల్వ్ కదులుతుందా అని చూడాలనిపిస్తుంది. స్ప్రింగ్‌తో నేరుగా నడిచే రకమైతే బొటనవేలితో నెమ్మదిగా నొక్కితే దిగి, వదిలితే టక్కున వెనక్కి రావాలి. గేర్లున్న మోటార్ రకాన్ని బలవంతంగా నొక్కకండి, తిప్పకండి. లోపల ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి. బాగున్న వాల్వ్‌ను ఇంట్లో పాడుచేసే పద్ధతుల్లో ఇదే మొదటిది. దాన్ని స్కానర్‌తోనే కదిలించాలి. మూసుకునే తీరు చూడటానికి చీకట్లో ఒక రంధ్రంలో సన్న టార్చి వెలిగించి రెండో రంధ్రంలోంచి చూడండి. అంచు చుట్టూ సన్నటి వెలుగు గీత కనిపిస్తే ఇంకా మసి ఇరుక్కుని ఉందని అర్థం. మళ్లీ తోమాలి. ఎంత తోమినా ఆ గీత పోకపోతే, అంచు గుంటలు పడితే, కడ్డీ అటూఇటూ ఊగుతుంటే కొత్త వాల్వే దారి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మీరు ఆపకండి. ఇప్పుడు ఖాళీ అయిన రంధ్రంలో టార్చి వేసి ఇంటేక్ వైపు చూడండి. అక్కడి అసలు వెడల్పు ఎంత, మసి వదిలిన బెజ్జం ఎంత అనేది ఒక్క చూపులో తెలుస్తుంది. సగానికి సగం పూడిపోయిన దారి కొత్తేమీ కాదు. పొడి మసిని గీకుతూ వ్యాక్యూమ్ క్లీనర్ సన్న గొట్టంతో లాగేయండి. స్ప్రే కొట్టడానికి ముందే ఈ పని చేయాలి. స్ప్రే ఆవిరి ఉన్నప్పుడు వ్యాక్యూమ్ క్లీనర్ పెడితే దాని మోటార్ నిప్పురవ్వకు అంటుకుంటుంది. తర్వాత మిగిలినదాన్ని స్ప్రే తడిపిన గుడ్డతో తుడవండి. రంధ్రంలోకి డబ్బా కొట్టకండి. ఇంటేక్‌లో ద్రవం మడుగు కట్టి సిలిండర్‌లోకి పోతే, అది నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డీజిల్ ఇంజిన్ ఆ ద్రవాన్నే ఇంధనంగా తాగి అదుపు తప్పి రేజ్ అయ్యే ప్రమాదమూ ఉంది. మసి పెళ్ల పెద్దది లోపల పడితే తీసేదాకా స్టార్ట్ చేయవద్దు.

ముడతల గొట్టాన్ని కూడా విప్పగలిగితే విప్పి రెండు చివర్ల నుంచీ వెలుగు చూడండి. కూలర్ ట్యూబులు మూసుకుపోయి ఉంటే వాల్వ్ ఎంత శుభ్రంగా ఉన్నా పీ0401 వస్తూనే ఉంటుంది. పెట్రోల్ ఇంజిన్లలో కొన్నిటికి ఒక్కో సిలిండర్‌కు ఒక్కో సన్న రంధ్రం నుంచి పొగ వెళ్తుంది. మూడు పూడిపోయి ఒకటి మిగిలితే మొత్తం పొగ ఆ ఒక్క సిలిండర్‌కే పోయి అక్కడే మిస్ కొడుతుంది, అంటే మంట సరిగ్గా అంటుకోదు. స్పార్క్ ప్లగ్, కాయిల్ మార్చినా తగ్గని ఒక్క సిలిండర్ మిస్‌కు ఇదీ ఒక కారణం.

బిగించేటప్పుడు రెండు ముఖాలూ పాత గ్యాస్కెట్ ముక్క లేకుండా శుభ్రం చేయండి. ఇంటేక్‌లో పెట్టిన గుడ్డ తీశారో లేదో చూసుకోండి. ఎగ్జాస్ట్ వైపు సిలికాన్ పేస్టు పూయవద్దు, వేడికి మాడి ముక్కలై వాల్వ్ కిందే చేరుతుంది. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి కూర్చోబెట్టి, తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. మీ మాన్యువల్ అంకే ప్రమాణం. మామూలుగా ఎం6 బోల్టుకు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు, ఎం8కు 20 నుంచి 25 ఉంటుంది. అల్యూమినియంలో అంతకు మించితే మరలు ఊడి వస్తాయి. కూలెంట్ గొట్టాలు తీసి ఉంటే మట్టం నింపి, గాలి బయటికి పంపండి.

బ్యాటరీ కలిపాక స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఒక నిమిషం ఆన్‌లో ఉంచి ఆఫ్ చేయండి. కొన్ని బండ్లలో వాల్వ్ తన మూసుకునే స్థానాన్ని అలా తిరిగి నేర్చుకుంటుంది. మిగతావాటికి స్కానర్‌లో ఈజీఆర్ అడాప్టేషన్ రీసెట్ చేయాలి. ఇది వదిలేస్తే శుభ్రం చేశాక ఐడిల్ ఇంకా పాడైనట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఈసీయూ దగ్గర పాత మసి లెక్కే ఉంటుంది. మొదటి స్టార్ట్‌లో కొద్దిసేపు పొగ, వణుకు సహజం. గ్యాస్కెట్ చుట్టూ బుసబుసమనే శబ్దం వస్తే ఆపి మళ్లీ చూడండి.

విప్పకుండానే ఇంటేక్‌లోకి కొట్టే క్లీనర్ల గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. పలచటి మసికి పనికొస్తాయి. మీ బండిలా కోడ్ వచ్చేదాకా పేరుకున్నదానికి నేను వాటిని సిఫారసు చేయను. గట్టి పొరను అవి కరిగించలేవు, పెళ్లలుగా ఊడిస్తే అవి లోపలికే పోతాయి. రేకు పెట్టి ఈజీఆర్‌ను మూసేయమని సలహా ఇచ్చేవారూ ఉంటారు. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం, గాలిలోకి పోయే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. ప్రవాహం లేదని ఈసీయూ మళ్లీ పీ0401 చూపిస్తుంది కూడా. ఆ సలహా వినకండి.

కోడ్ చెరిపేశాక లైటు వెంటనే రాలేదని పని అయిపోయిందనుకోకండి. పీ0401 సాధారణంగా వరుసగా రెండు ప్రయాణాల్లో లోపం కనిపించాకే లైటు వెలిగిస్తుంది. అరగంట పాటు ఊళ్లోనూ హైవే మీదా కలిపి నడిపి, స్కానర్‌లో పెండింగ్ కోడ్‌లు (నమోదైనా ఇంకా లైటు వెలిగించనివి) చూడండి. ఐడిల్‌లో మొదట చేసిన ఎంఏఎఫ్ పరీక్షనే మళ్లీ చేసి, కమాండ్ పెరిగినప్పుడు అంకె పడుతోందో లేదో చూసుకోండి. అప్పటికీ పడకపోతే ఇంజిన్ కోడ్, తయారీ సంవత్సరం, ఆ మూడు అంకెలు మూసినప్పుడు ఎంత, తెరిచినప్పుడు ఎంత అనేది, వాల్వ్‌లో మసి పొడిగా ఉందా జిగటగా ఉందా అనేది ఇక్కడ రాయండి. కూలర్‌దా, ఎంఏఎఫ్‌దా అన్నది ఆ అంకెలతో చెప్పొచ్చు.